ఛాంబర్ ఆఫ్ కామర్స్ మెంబర్‌షిప్: అమ్మకాలకి కాదు, వసూళ్లకి

ముందే చెప్పేస్తాను. ఊరి వర్తకులందరి సంఘమైన ఛాంబర్‌లో చేరితే కొత్త గిరాకీ వస్తుందనుకునే వాళ్లు ఆ చందా డబ్బులు పెట్టి సెంటర్లో ఒక బోర్డు పెట్టించుకోవడం నయం. మెంబర్ అయ్యాక నా షాపు మెట్లెక్కిన కొత్త మొహాలు పెద్దగా ఏమీ లేవు. అయినా మెంబర్‌షిప్ మాత్రం వదులుకోను, ఏటా ఏప్రిల్‌లో గుర్తుపెట్టుకుని మరీ కడతాను. ఛాంబర్ వల్ల నాకు అమ్మకాలు పెరగలేదు గానీ అమ్మిన సరుకు డబ్బులు చేతికి రావడం పెరిగింది, పైగా రూల్సు మారినప్పుడు ఆ సంగతి నోటీసు వచ్చాక కాకుండా రాకముందే తెలుస్తోంది. అప్పు మీద నడిచే మా గోదావరి జిల్లాల వ్యాపారాలకి ఈ రెండూ చిన్న విషయాలు కావు. 5కి మూడున్నర ఇస్తాను. మిగతా ఒకటిన్నర ఎక్కడ తగ్గించానో అది కూడా రాస్తాను, తిట్టుకునేవాళ్లు చివరిదాకా చదివి తిట్టుకోండి.

నాది కోనసీమ వైపు, 216 జాతీయ రహదారికి ఆనుకుని ఉన్న ఒక టౌను. ఊరి పేరు, ఛాంబర్ పేరు కావాలనే రాయట్లేదు, కమిటీ ఎలక్షన్లు దగ్గర్లో ఉన్నాయి, ఇప్పుడు ఏం రాసినా ఎవరో ఒకరి ప్యానెల్‌కి ప్రచారం చేస్తున్నానంటారు. ప్యాకింగ్ మెటీరియల్ షాపు, వెనక షెడ్డులో చిన్న అట్టపెట్టెల యూనిట్. ఆత్రేయపురం పూతరేకులకి, కాజాలకి డబ్బాలు, మిల్లుల వాళ్లకి బియ్యం సంచులు, చేపల వాళ్లకీ రొయ్యల వాళ్లకీ థర్మోకోల్ పెట్టెలు, కడియం నర్సరీలకి మొక్కల కవర్లు, ఇవన్నీ మా దగ్గర నుంచే వెళతాయి. అందుకే ఈ చుట్టుపక్కల ఏ వ్యాపారం లేచింది, ఏది పడుకుంది అనేది పేపర్ల కంటే ముందు నా అప్పు పుస్తకంలో కనబడుతుంది.

చేరడం కష్టమేమీ కాదు. ట్రేడ్ లైసెన్స్ కాపీ, జీఎస్టీ నంబరు, ఇద్దరు పాత సభ్యుల సంతకాలు, ప్రవేశ రుసుము, ఏడాది చందా. చందా మా దగ్గర నాలుగంకెల్లోనే, ఊరుని బట్టి మారుతుంది, పెద్ద టౌన్లలో ఎక్కువ. లైఫ్ మెంబర్‌షిప్ కూడా ఉంటుంది, చేరగానే అదే తీసుకోమని ఒత్తిడి పెడతారు. చేరిన రోజున ఫ్రేము కట్టిన సర్టిఫికెట్ ఒకటి, డైరీ ఒకటి, అధ్యక్షుడి ఫొటో ఉన్న గోడ క్యాలెండర్ ఒకటి ఇచ్చి శాలువా కప్పారు. వాట్సాప్ గ్రూపులో ఎక్కించారు. ఆ గ్రూపులో మొదటి వారం అంతా శుభోదయాలు, పుట్టినరోజు కేకులు, ఎవరి గృహప్రవేశమో ఫొటోలు. అక్కడితో ఆగిపోయి "డబ్బులు దండగ" అనుకుని మళ్లీ ఆఫీసు మొహం చూడని సభ్యులు మా ఊళ్లో సగానికి సగం ఉంటారు, వాళ్లని తప్పుపట్టను కూడా పట్టను, ఎందుకంటే ఏ పని అయ్యేదీ ఏది కానిదీ చేరేటప్పుడు ఒక్కరూ కూర్చోబెట్టి చెప్పరు.

చాలామందికి ఇంకో అయోమయం ఉంది, కిరాణా మర్చంట్స్ అసోసియేషన్‌లోనో బులియన్ అసోసియేషన్‌లోనో ఉన్నాం కదా మళ్లీ ఇదెందుకు అని. అసోసియేషన్ ఒక్క సరుకుది, ఛాంబర్ ఊరందరిదీ. బంగారం వాళ్లకి 2023 ఏప్రిల్ నుంచి అంకెలూ అక్షరాలూ కలిసిన ఆరు స్థానాల హాల్‌మార్క్ నంబరు తప్పనిసరి అయినప్పుడు ఆ గొడవ బులియన్ వాళ్లే చూసుకున్నారు, బట్టల షాపుల వాళ్లకి దాంతో పనేముంది? కానీ లారీలు బజార్లోకి ఏ టైముకి రావాలి, మున్సిపాలిటీ పన్ను ఎంత, కరెంటు కోతలు ఎప్పుడు అనేవి అందరి తలనొప్పులు. వాటికి ఒక గొంతు కావాలి. ఈ సంగతి కొత్తదేం కాదు, ఫ్రాన్స్‌లో మార్సెయ్ వర్తకులు 1599లోనే ఇలాంటి సంఘం పెట్టుకున్నారు, మద్రాసులో 1836లో మొదలైంది, మన కాకినాడ రేవులో కూడా దొరల కాలం నుంచే ఛాంబర్ ఉండేది. దొరలు ఓడల కిరాయిల కోసం పెట్టుకున్నారు, మనం జీఎస్టీ కోసం నడుపుతున్నాం.

ఇక అసలు విషయం, వసూళ్లు.

డెల్టాలో అప్పు తీరే తేదీ క్యాలెండర్‌లో ఉండదు, చేలోనూ చెరువులోనూ ఉంటుంది. సార్వా (ఖరీఫ్) ధాన్యం డబ్బులు పడితే ఇస్తానంటారు, దాళ్వా (రబీ) మాసూళ్లు అయ్యాక చూద్దామంటారు, చెరువు పట్టుబడి అవ్వనీండి అంటారు. వంద కౌంటు (కిలోకి వంద తూగే) రొయ్య రేటు పడిపోయిందంటే చెరువుల రైతుతో మొదలుపెట్టి ఐసు ఫ్యాక్టరీ, మేత డీలరు, వలల షాపు, నా థర్మోకోల్ పెట్టెలు, చివరికి ఆ ఊళ్లో టిఫిన్ సెంటరు దాకా అందరి డబ్బులూ ఆగుతాయి. అమెరికా వాళ్లు మన సరుకు మీద సుంకం 2025 ఆగస్టు 27 నుంచి 50 శాతం చేసినప్పుడు రొయ్యల వ్యాపారం మీద నడిచే భీమవరంలో పడిన దెబ్బ మా బజార్లో నెల తిరక్కుండానే తెలిసింది. నిజంగా ఇబ్బంది పడి ఆపేవాడు వేరు, ఆ పేరు చెప్పి ఎగ్గొట్టేవాడు వేరు. ఎవడు ఏ రకమో కనిపెట్టడంలో ఛాంబర్ పనికొస్తుంది.

అదెలాగంటే, మా ఛాంబర్ ఆఫీసులో ఒక మేనేజర్ గారున్నారు. జీతం మీద పనిచేసే మనిషి. అధ్యక్షులు మారుతుంటారు, ఆయన మాత్రం ఎప్పటి నుంచో ఉన్నాడు. కొత్త పార్టీ ఎవరైనా పెద్ద ఆర్డర్ పట్టుకొచ్చి నలభై రోజుల అప్పు అడిగితే ముందు ఆయనకి ఫోన్ కొడతాను. ఎవరి మీదా ఒక్క చెడ్డ మాట అనడు. "మీరు క్యాష్ మీద ఇవ్వండి బాబూ" అంటే చాలు, నాకు అర్థమైపోతుంది. నా దృష్టిలో చందా డబ్బుల్లో సగం ఆ ఒక్క ఫోన్ నంబరుకే.

రెండోది వివాదాల కమిటీ. ఐదారుగురు పెద్దలు, ఎక్కువమంది కొడుకులకి షాపులు అప్పగించి ఖాళీగా ఉన్న పాత వర్తకులు. పక్క టౌన్లో ఒక స్వీటు షాపాయన సంక్రాంతికి డబ్బాలు పట్టుకెళ్లాడు, పెద్ద మొత్తం. సంక్రాంతి అంటే మా వైపు ఎలా ఉంటుందో తెలుసుగా, హైదరాబాద్ బండ్లు, కోడిపందేలు, వచ్చినవాడల్లా తిరుగు ప్రయాణంలో నాలుగు డబ్బాలు పట్టుకెళతాడు, కాబట్టి ఆయనకి అమ్మకం లేదనే మాటే లేదు. ఉగాది దాటింది, ఫోన్ ఎత్తడు. ఆయన కూడా మా ఛాంబర్ సభ్యుడే. కాగితం రాసిచ్చాను, ఇద్దరినీ పిలిచారు. కూర్చోబెట్టిన పెద్దాయన కాఫీ తెప్పించి నెమ్మదిగా మొదలుపెట్టాడు.

"ఏవయ్యా, పండక్కి పట్టుకెళ్లిన డబ్బాలకి ఇప్పటిదాకా డబ్బులివ్వకపోతే ఈయన కాగితం ఏం పెట్టి కొంటాడు?"

"ఇద్దామనే ఉన్నానండి, కాస్త టైటుగా ఉండి..."

"టైటుగా ఉంటే నెలకెంత చొప్పున ఇస్తావో చెప్పు. ఇక్కడే రాసుకుందాం. మీ నాన్న ఉన్నప్పుడు ఈ బల్ల దగ్గరికి ఒక్కసారి కూడా రాలేదు, అది గుర్తుంచుకో."

వాయిదాల మీద మొత్తం వచ్చింది. వడ్డీ అడగలేదు, అడిగేవాణ్ణి కూడా కాదు. అయితే దీని బలం ఎంతవరకో తెలుసుకుని వెళ్లాలి. అవతలి మనిషి కూడా సభ్యుడై ఉండాలి, బజార్లో పరువు ఉన్నవాడై ఉండాలి. సభ్యుడు కాని వాణ్ణి వాళ్లు పిలవలేరు, పిలిచినా రాడు. వాళ్ల మాటకి కోర్టు బలం లేదు, ఇద్దరూ ముందే మధ్యవర్తిత్వానికి ఒప్పుకుని సంతకాలు పెట్టి 1996 ఆర్బిట్రేషన్ (మధ్యవర్తిత్వ) చట్టం ప్రకారం నడిస్తే తప్ప అది పెద్దమనుషుల ఒప్పందమే. ఇంకో మాట కూడా ఉంది, అవతలివాడు కమిటీలో ఎవరికైనా వియ్యంకుడో మేనల్లుడో అయితే మీ కాగితం ఫైల్లో నిద్రపోతుంది. ఇలాంటిది ఒకటి నాకే జరిగింది, అర పాయింటు అక్కడ పోయింది.

చట్టం బలం ఉన్న దారి గురించి కూడా నాకు తెలిసింది ఛాంబర్ వల్లే. ఒక ఆడిటర్ గారిని పిలిచి సాయంత్రం పూట క్లాసు లాంటిది పెట్టారు, సమోసాలు ఉంటాయని కొంతమంది వచ్చారు, నేనూ అంతే. అక్కడ చెప్పిన దాంట్లో నాకు పనికొచ్చింది ఇది. చిన్న పరిశ్రమలకి కేంద్రం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న మైక్రో, స్మాల్ యూనిట్ల దగ్గర సరుకు కొన్నవాడు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో డబ్బు కట్టాలి. దాటితే రిజర్వ్ బ్యాంక్ చెప్పే బ్యాంక్ రేటుకి మూడింతలు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఇది 2006 చిన్న పరిశ్రమల (ఎంఎస్ఎంఈ) చట్టంలో ఉన్నదే. ఎవరూ పట్టించుకోలేదు గానీ 2023-24 నుంచి ఆదాయపు పన్నులో మెలిక పెట్టారు, గడువులో కట్టకపోతే ఆ కొనుగోలు ఖర్చుని ఆ ఏడాది లెక్కలో చూపించుకోవడానికి లేదు, కట్టిన ఏడాదిలోనే చూపించాలి. దాంతో పెద్ద షాపుల ఆడిటర్లే మార్చి నెలలో ఫోన్ చేసి "మీది ఉద్యమ్ నంబరుందా?" అని అడగడం మొదలైంది. నంబరు బిల్లు మీద అచ్చు వేయించాను, అంతే, మార్చి ఆఖరి వారం వసూళ్లు మారిపోయాయి.

ఇక్కడ చాలామంది దెబ్బతినే చోటు ఒకటుంది. ట్రేడింగ్ చేసేవాళ్లకి ఈ రక్షణ లేదు. 2021 జూలై నుంచి వర్తకులకి కూడా ఉద్యమ్ ఇస్తున్నారు గానీ అది బ్యాంకు లోన్లలో ప్రాధాన్యం వరకే. అంటే నేను షెడ్డులో తయారుచేసి అమ్మిన అట్టపెట్టెకి 45 రోజుల రూలు వర్తిస్తుంది, బయట కొని షాపులో అమ్మిన కవర్లకి వర్తించదు. అప్పటి నుంచి రెండింటికీ బిల్లులు విడివిడిగా కొడుతున్నాను. ఇది నాకు ఊరికే ఎవరు చెబుతారు? చెక్ బౌన్స్ సంగతి కూడా అదే రోజు విన్నాను, బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లో నోటీసు పంపాలి, నోటీసు అందాక అవతలివాడికి 15 రోజులు, అప్పటికీ కట్టకపోతే ఆ తర్వాత నెలలోపు కోర్టుకి వెళ్లాలి. "ఇదిగో ఇస్తా, అదిగో ఇస్తా" అని ఆ మొదటి నెల లాగేస్తే ఆ చెక్కు మీద కేసు చేజారిపోయే ప్రమాదం ఉంది, ఎగ్గొట్టేవాళ్లకి ఈ లెక్క మనకంటే బాగా తెలుసు.

రూల్సు ముందుగా తెలియడం అన్నాను కదా. 2022 జూలై 18 నుంచి ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం 25 కిలోల దాకా ఉంటే 5 శాతం జీఎస్టీ అన్నారు. 25 దాటిన సంచికి లేదు. ఇప్పుడు మీ ఇంట్లో బియ్యం సంచి చూడండి, 26 కిలోలని ఉంటుంది, ఆ ఒక్క కిలో కథ ఇదే. ఆ వారంలో నా గోడౌన్లో 25 కిలోలని అచ్చేసిన సంచుల బేళ్లు ఉన్నాయి, ఇంకో లోడు ఆర్డర్ పెట్టబోతున్నాను. మిల్లర్ల సంఘం వాళ్లు ఛాంబర్ మీటింగ్‌లో "ఇక 26 వేయించుకుంటాం" అన్న మాట చెవిన పడటంతో ఆ లోడు ఆపేశాను. ఆపకపోతే ఆ సంచులు ఇప్పటికీ ఎలుకలకి పడకలుగా ఉండేవి.

2025 సెప్టెంబర్ 22 మార్పులప్పుడు ఇంకా పెద్ద చిక్కు. అందరూ పన్ను తగ్గిందని దసరా ముందు పండగ చేసుకున్నారు. మా లైన్లో చూస్తే అట్టపెట్టె మీద 12 నుంచి 5కి తగ్గింది, ఆ పెట్టె చేసే క్రాఫ్ట్ కాగితం మీద 12 నుంచి 18కి పెరిగింది. కొనేటప్పుడు 18 కట్టి అమ్మేటప్పుడు 5 వసూలు చేస్తే మిగతా పన్ను క్రెడిట్ రూపంలో ప్రభుత్వం దగ్గరే ఇరుక్కుంటుంది, పెట్టుబడి కరిగిపోతుంది. దానికి రీఫండ్ ఉంది, ముడిసరుకు మీద కట్టిన పన్నుకి వస్తుంది, మిషనరీ మీద కట్టినదానికి రాదు. ఈ ముక్క చెప్పి, ఏయే కాగితాలు పెట్టుకోవాలో చెప్పి, దరఖాస్తు వేయడానికి ఒక కుర్రాణ్ణి కూడా ఛాంబర్ ఆఫీసులో రెండు సాయంత్రాలు కూర్చోబెట్టారు. నా ఒక్కడి ఆడిటర్ చెప్పడా అంటే చెబుతాడు, కానీ ఆయన ఫోన్ ఎత్తేసరికి దసరా అయిపోతుంది.

మా వైపు ఇంకో విచిత్రం యానాం. గౌతమి వంతెన దాటితే యానాం, అది పుదుచ్చేరి. మనిషికి అది పక్క ఊరు, జీఎస్టీకి వేరే రాష్ట్రం. యానాంలో షాపుకి సరుకు బండిలో పంపి బిల్లు కొడితే అది అంతర్‌రాష్ట్ర అమ్మకం, ఐజీఎస్టీ వేయాలి. టర్నోవర్ మీద తక్కువ శాతం పన్ను కట్టేసే కాంపోజిషన్ స్కీములో ఉన్న చిన్న వ్యాపారులు రాష్ట్రం దాటి సరుకు అమ్మడానికే లేదు. తాతల కాలం నుంచి యానాంకి సరుకు వేస్తున్న కిరాణా ఆయన ఈ మాట విని "అవతలి ఒడ్డుకి బెల్లం పంపితే ఢిల్లీకి పంపినట్టా?" అని లేచి గొడవపెట్టుకున్నాడు. అలాంటి ప్రశ్న హైదరాబాద్‌లో పెట్టే ఏ సెమినార్లోనూ రాదు, అక్కడ జవాబూ ఉండదు. ఊరి ఛాంబర్ విలువ నాకు అలాంటి చోటే కనబడుతుంది.

ప్లాస్టిక్ తనిఖీలు ఇంకోటి, మా లైన్‌కి ఇది ప్రాణసంకటం. క్యారీబ్యాగులకి 2022 డిసెంబర్ 31 నుంచి 120 మైక్రాన్ల మందం ఉండాలి, అది అందరికీ తెలుసు. 2022 జూలై 1 నుంచి కేంద్రం నిషేధించిన వస్తువుల జాబితాలో స్వీటు డబ్బాల మీద చుట్టే పల్చటి ఫిల్ము కూడా ఉంది, అది చాలామంది స్వీటు షాపుల వాళ్లకి తెలీదు. అదే జాబితాలో థర్మోకోల్ ఉంది గానీ అలంకరణకి వాడేది మాత్రమే. తనిఖీకి వచ్చిన ఒక సిబ్బంది థర్మోకోల్ అంటే థర్మోకోలే అని చేపల పెట్టెలు కూడా పట్టుకెళ్లబోయారు. నేను ఒక్కడినే వాదిస్తే "ఆఫీసులో మాట్లాడుకో" అనేవారు. ఛాంబర్ కార్యదర్శి గారు జాబితా కాపీ పట్టుకుని మాతో అధికారి గదికి వచ్చారు, కూర్చున్నాం, మాట్లాడాం, ఏది కూడదో ఏది కూడునో షాపులన్నింటికీ ఒక కాగితం పంచారు. ఫిల్ము అమ్మడం నేను ఆపేశాను, పెట్టెల జోలికి వాళ్లు రాలేదు. ఇద్దరికీ న్యాయంగానే తేలింది.

జట్టు కూలీల రేట్లు మాట్లాడేది కూడా ఛాంబరే. బస్తాకి ఎంత, బేలుకి ఎంత, మేడ మీదికైతే ఎంత అని యూనియన్ వాళ్లతో కూర్చుని ఒప్పందం రాసుకుంటారు. రేటు ఎక్కువైందని వర్తకులు, తక్కువైందని కూలీలు, ఇద్దరూ సణుగుతారు గానీ లారీ వచ్చి నిలబడ్డాక నడిరోడ్డు మీద బేరాలు ఉండవు. సరుకు మోసేవాడికి కూడా లెక్క ముందే తెలుస్తుంది. తూనికల శాఖ వాళ్లని ఛాంబర్ ఆవరణకే పిలిపించి కాటాలకి ముద్రలు వేయించడం, ఇదీ పనికొచ్చేదే.

తుపాన్ల సంగతి ఒక్క ముక్క. 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా నరసాపురం దగ్గర తీరం దాటింది. షెడ్డు రేకులు లేచిపోయి కాగితం రోళ్లు తడిసినవాళ్లు మా లైన్లో ఉన్నారు. ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లు కూడా పాలసీలో వరద, తుపాను కవరేజీ ఉందో లేదో చూసుకోలేదు, సరుకు ఎంత ఉందో చూపించే లెక్కలు లేవు. సర్వేయర్ వచ్చేలోగా ఫొటోలు తీసుకోండి, తడిసిన సరుకు పారేయకండి, స్టాకు పుస్తకం, జీఎస్టీ రిటర్న్ కాపీలు సిద్ధం చేసుకోండి అని గ్రూపులో పెట్టినది మేనేజర్ గారే. శుభోదయాల గ్రూపు ఆ వారం మాత్రం బ్రహ్మాండంగా పనిచేసింది.

ఇక తగ్గించిన మార్కులు. బంధుత్వాల సంగతి పైన రాశాను. రాజకీయం రెండోది. కమిటీ ఎలక్షన్లు వస్తే ఆరు నెలల ముందు నుంచి విందులు, కులాల లెక్కలు, ఏ పార్టీ వాడు ఏ ప్యానెల్ అనే గుసగుసలు. గెలిచినవాళ్లకి ఎమ్మెల్యే గారి పక్కన ఫొటోలో నిలబడటమే పని అయితే ఆ రెండేళ్లు ఆఫీసులో ఫైలు కదలదు. వినతిపత్రం ఇచ్చిన ఫొటో పేపర్లో వస్తుంది, ఆ వినతి ఏమైందో తర్వాత ఎవరూ చెప్పరు. ఫలానా రైలుకి మా స్టేషన్లో హాల్టు కావాలన్న వినతిపత్రం ఎన్నిసార్లు ఇచ్చారో ఇచ్చినవాళ్లకే గుర్తులేదు.

మూడోది, చిన్న షాపుల వాళ్లని పట్టించుకోకపోవడం. మీటింగుల్లో మాట్లాడేది హోల్‌సేలు వాళ్లు, మిల్లర్లు, బంగారం వాళ్లు. బజార్లో లైసెన్సులు ఆడవాళ్ల పేరు మీద బోలెడున్నాయి, మీటింగ్ హాల్లో ఒక్క ఆడమనిషి ఉండదు, భర్తలే వచ్చి సంతకాలు పెడతారు. నిజంగా తామే షాపు నడిపే ఆడవాళ్లు మా సందులోనే నలుగురున్నారు, ఒక్కరినీ చేరమని అడిగినవాళ్లు లేరు. వ్యాపార ఎక్స్‌పో అని ఒకటి పెడతారు, స్టాలు అద్దె బాగానే పిండుతారు, వచ్చేవాళ్లంతా పాప్‌కార్న్ తిని జెయింట్ వీల్ ఎక్కడానికి వస్తారు. ఒకసారి పెట్టి మానేశాను.

కొన్ని పనులు ఊరి ఛాంబర్ వల్ల కావు, ఆ ఆశతో చేరొద్దు. కొబ్బరి పీచు సరుకు ఎగుమతి చేసేవాళ్లకి సరుకు ఏ దేశానిదో చెప్పే సర్టిఫికెట్ కావాలి, అది డీజీఎఫ్‌టీ (కేంద్రం విదేశీ వాణిజ్య విభాగం) అనుమతి ఉన్న సంస్థలే ఇస్తాయి, మా చిన్న ఊరి ఛాంబర్‌కి ఆ అనుమతి లేదు, అనుమతి ఉన్న పెద్ద ఛాంబర్ల లాంటి చోటికే వెళ్లాలి. అలాగే ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా, దాని కోసం తిరిగింది తయారీదార్ల సంఘం, ఊరి ఛాంబర్ కాదు. ఒక్క షాపు వాడు నా పేరు మీద ఇవ్వండంటే ఆ గుర్తింపు ఇవ్వరు, సంఘంగా వెళ్లాల్సిందే. అలాంటి సరుకు మీదైతే ముందు మీ తయారీదార్ల సంఘంలో చేరండి, ఛాంబర్ తర్వాత.

ఎవరికి పనికొస్తుందంటే, ఇతర షాపులకి అప్పు మీద సరుకు వేసేవాళ్లకి, చిన్న యూనిట్ నడిపేవాళ్లకి, తనిఖీలు ఎక్కువుండే లైన్ల వాళ్లకి కళ్లు మూసుకుని చేరమంటాను. మొత్తం నగదు మీద, ఇంటి వాడకం కొనుగోలుదార్ల మీద నడిచే టిఫిన్ సెంటరుకో ఫ్యాన్సీ షాపుకో అంత అవసరం లేదు, బజార్లో పెద్దమనిషి అనిపించుకోవాలనే సరదా ఉంటే అది వేరే లెక్క.

చేరేటట్టయితే లైఫ్ మెంబర్‌షిప్ జోలికి పోకండి, ఒక ఏడాది చందా కట్టి చూడండి. దరఖాస్తు మీద సంతకాలు పెట్టే ఇద్దరిలో ఒకరైనా వివాదాల కమిటీతో పరిచయం ఉన్నవాళ్లయితే మంచిది. సర్వసభ్య సమావేశానికి ముందు లెక్కల కాగితం అడిగి తీసుకోండి, అది సభ్యుడిగా మీ హక్కు, అడిగితే మొహం చిట్లిస్తారు గానీ ఇస్తారు. గ్రూపుని మ్యూట్‌లో పెట్టుకోండి, మేనేజర్ నంబరు మాత్రం విడిగా సేవ్ చేసుకోండి. మా దగ్గర ఆఫీసు పదిన్నరకి తీస్తారు. సాయంత్రం వెళితే అధ్యక్షుల వారి చుట్టూ జనం ఉంటారు, పని కాదు, పొద్దున్నే వెళ్లండి.